ఆరున్నరకు కూసే బజర్

జీపు కాటారం దాటి, తారురోడ్డు వదిలి ఎర్రమట్టి బాట పట్టగానే వాన మొదలైంది. దిగేసరికి మధ్యాహ్నం దాటింది. ఎదురుగా చిన్న గుట్ట, గుట్ట మీద రేకుల షెడ్డు. కింద వాగు. వాగుకు అవతల టేకు అడవి. జీపులో నేను, నాలాంటి మాజీ సైనికుడు ఇంకొకడు, మమ్మల్ని తీసుకొచ్చిన సుబేదార్ సాబ్. ముగ్గురమూ ఫౌజు నుంచి పింఛన్ మీద వచ్చినవాళ్లమే. వానాకాలం పోయేదాకా వాగుల మీద వరద కాపలాకు మాజీ సైనికులు కావాలన్నారు. మేం వచ్చాం.

మా తరిగొప్పులలో జనం నన్ను ఒకటే అడుగుతారు. "తుపాకి పేల్చినవా? ఎంతమందిని పడగొట్టినవ్?" నేను సిగ్నల్స్‌లో లైన్‌మన్‌ని. నౌకరీ అంతా ఫోన్ తీగలు లాగాను, తెగినవి అతికాను. మంచులో లాగాను, ఇసుకలో లాగాను. ఈ మాట చెబితే వాళ్ల మొహాలు చిన్నబోతాయి. అందుకని నాకు బాగా గుర్తున్న డ్యూటీ గురించే చెబుతాను. అది సరిహద్దులో కాదు, మన భూపాలపల్లి జిల్లాలోనే. అక్కడ శత్రువు లేడు. అసలు మనుషులే లేరు.

సుబేదార్ సాబ్‌ది మొగుళ్లపల్లి. మీసాలు తెల్లబడ్డాయి గానీ గొంతు మాత్రం పరేడ్ గ్రౌండ్‌లోనే ఉండిపోయింది. ఇద్దరినీ వానలోనే నిలబెట్టి ఆర్డర్లు చెప్పాడు.

నావైపు తిరిగి, "వైర్‌లెస్ సెట్ల నీ పేరు గుట్ట. నీ పని వాగు. కింద కొలబద్ద పాతిండ్రు. నీళ్లు ఎర్రగీత దాటితె చెప్పాలె. గంట గంటకు దిగి చూడాలె" అన్నాడు.

రెండోవాడివైపు తిరిగి, "నీ పేరు వంతెన. కిందికి పోతె లోలెవల్ వంతెన ఉంటది. గుట్ట చెప్పంగనే బాట బంద్ చెయ్యాలె. అవతలి గూడెం ఆడోళ్లు ఇవతల నాట్లకు వస్తరు. పొద్దుగూకినంక ట్రాక్టర్ల గా వంతెన మీదికెల్లే పోతరు. డ్రైవర్‌కు మోకాలెత్తు నీళ్లయినా నడుమెత్తు నీళ్లయినా ఒక్కటే. గందుకే నువ్వు ఆడ ఉండాలె" అన్నాడు.

ఆఖరికి ఇద్దరికీ కలిపి: "పొద్దున ఆరున్నరకు, మాపటికి ఆరున్నరకు సెట్ల రిపోర్టు. పోస్టు ఇడిసి ఎవ్వడు కదలొద్దు. ఒకని దగ్గరికి ఒకడు పోవుడు లేదు. కదిలినోడు ఇంటికే. ఎర్కేనా?"

"ఎర్కే సాబ్" అన్నాం.

వంతెన అన్నవాడిది మానుకోట పక్క తండా. పదాతి దళంలో నాయక్‌గా చేశాడట. పొడుగు మనిషి, మాట తక్కువ. అడగకుండానే నా ట్రంకుపెట్టె భుజాన వేసుకుని గుట్ట ఎక్కించాడు. దింపి, "ఉంట అన్నా" అని దిగిపోయాడు. వాగు వెంట కట్ట మీద నడిస్తే అతని పోస్టుకు పాతిక నిమిషాల పైనే. మళ్లీ అతని మొహం చూడడానికి సీజన్ సగం గడవాలని అప్పుడు నాకు తెలియదు.

నాకు ఇచ్చిన సామాను: కాన్వాస్ మంచం, స్టవ్వు, సోలార్ దీపం, కారు బ్యాటరీ, వైర్‌లెస్ సెట్టు, రెయిన్‌కోటు, టార్చి. ఫోన్‌కు సిగ్నల్ లేదు. వారానికోసారి జీపు బియ్యం పప్పు తెస్తుంది. మిగతా రోజుల్లో నాతో మాట్లాడేది సెట్టు ఒక్కటే. అది కూడా కొలిచి మాట్లాడుతుంది.

మొదటి వారంలో ఒక సాయంత్రం రిపోర్టు అయ్యాక వంతెన అడిగాడు: "అన్నా, ఏం వండినవ్?"

"పప్పు."

"నేను గూడ పప్పే."

అంతే, మండలాఫీసులో సెట్టు దగ్గర కూర్చునే అమ్మాయి అందుకుంది. ఆమె కంట్రోల్. "అన్నా, సెట్ల ముచ్చట్లు పెట్టద్దు. పై సార్లు ఇంటున్నరు. ఓవర్."

ఆ తర్వాత పప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు. "వంతెన నుంచి. నీళ్లు మామూలు. అంతా ఓకే. ఓవర్." ఇదే రోజుకు రెండుసార్లు. మంచులో మేం పదిమందిమి ఒక బంకర్‌లో ఉండేవాళ్లం, ఒకడి కాలు మీద ఒకడి కాలు. అక్కడ ఒంటరితనం ఎట్లా ఉంటుందో తెలియలేదు. ఇక్కడ తెలిసింది. మధ్యాహ్నం అన్నం తింటుంటే నేను నమిలే చప్పుడే నాకు వినబడేది.

గంట గంటకు వాగులోకి దిగడానికి నా మోకాలు ఒప్పుకోలేదు. గట్టు జిగట మట్టి. రెండుసార్లు జారి కూర్చున్నాను. అప్పుడు అనిపించింది, నేను దిగడమెందుకు, వాగే పైకి వచ్చి చెబితే పోలేదా అని. ఇంటి నుంచి తెచ్చుకున్న జంట తీగ చుట్ట నా దగ్గర ఉంది. లైన్‌మన్‌ను ఎక్కడికి పంపినా తీగ వెంట తెచ్చుకుంటాడు. సాబ్‌ను అడిగి, సరుకుల జీపులో కాటారం పోయి, మైకుసెట్లు బాగుచేసే భాయ్ దుకాణంలో మిగతా సామాను తెచ్చుకున్నాను.

సంగతి తేలికే. ఎర్రగీత దగ్గర రెండు తీగల కొసలు ఒకదానికొకటి తగలకుండా కట్టాను. నీళ్లు వచ్చి రెంటినీ ముంచితే నీళ్ల గుండా చీమంత కరెంటు పారుతుంది. దాంతో బజర్ మోగదు. అందుకే ట్రాన్సిస్టర్. మూడు కాళ్లున్న చిన్న నల్ల బొడిపె అది. నడిమి కాలికి చీమంత కరెంటు తగిలితే మిగతా రెండు కాళ్ల మధ్య పెద్ద కరెంటుకు దారి ఇస్తుంది. ఒకటి చాలదని రెండు వరుసగా పెట్టాను. ప్లైవుడ్ పలక మీద మేకులు కొట్టి, స్టవ్వు మీద కాల్చిన ఇనుముతో అతికాను. బకెట్ నీళ్లలో తీగలు ముంచితే బజర్ షెడ్డు అదిరేలా మోగింది. పిల్లాడిలా సంబరపడ్డాను. చూపించడానికి ఎవరూ లేరు.

ఆ సాయంత్రమే మొదలైంది. వాగు ఎర్రగీతకు ఎంతో కింద ఉంది. బజర్ "క్రీచ్" మంది. ఆగింది. మళ్లీ "క్రీ... చ్". టార్చి పట్టుకుని మోకాలిని తిట్టుకుంటూ దిగి చూశాను. తీగలు పొడిగా ఉన్నాయి.

మొదట ట్రాన్సిస్టర్ మీదే అనుమానం. దొంగ సరుకు అనుకుని రెండూ పీకి కొత్తవి పెట్టాను. మర్నాడు సాయంత్రం మళ్లీ అదే కూత. తేమ అనుకున్నాను. పలకను స్టవ్వు సెగకు ఆరబెట్టి, అతుకుల మీద కొవ్వొత్తి కరిగించి పోశాను. మళ్లీ కూసింది. నడిమి కాలు గాలిలో వేలాడుతున్నట్టుంది, ఎటు నుంచి ఏ కరెంటు వచ్చినా పట్టుకుంటోంది అనుకుని, దాన్ని నేలకు కట్టేస్తూ ఒక రెసిస్టర్ పెట్టాను. కూత కాస్త సన్నబడింది గానీ పోలేదు. పగలంతా బుద్ధిమంతుడిలా ఉండి పొద్దుగూకగానే తాగొచ్చినవాడిలా మొదలుపెట్టేది.

నాకు కోపం ఎక్కువ. మనుషులు లేకపోతే వస్తువుల మీద చూపిస్తాను. "నీ మూడు కాళ్లు ఇరగ్గొడత! ఫౌజుల నిన్ను కోర్టు మార్షల్ చేసి పొయ్యిల పెడుదురు! ఏందిరా నీ పరేషాన్, ఏం గావాలె నీకు?" ఇట్లా గొంతెత్తి తిట్టేవాణ్ణి. తిట్టాక కాస్త హాయిగా ఉండేది. రోజు మొత్తంలో నేను నోరు విప్పి మాట్లాడేది అప్పుడే.

ఒక పొద్దున కంట్రోల్ వాన వివరం అడిగింది. నా రిపోర్టు ఎప్పుడూ మాట బాగా అందుతుందని షెడ్డు వెనకాల దూరంగా పోయి ఇచ్చేవాణ్ణి, ఆ పొద్దున వాన పడుతోందని షెడ్డులోనే సెట్టు మీట నొక్కాను. బజర్ కూసింది. వదిలాను, ఆగింది. నొక్కాను, కూసింది. అప్పుడు అర్థమైంది. వాగు దాకా పోయిన నా తీగ ఏరియల్‌లా పనిచేస్తోంది. సెట్టులో నుంచి వెళ్లే తరంగం ఆ తీగ మీద పడి, ట్రాన్సిస్టర్ నడిమి కాలికి చేరి, అక్కడ చీమంత కరెంటుగా మారుతోంది. ట్రాన్సిస్టర్‌కు నీళ్ల కరెంటు, మాటల కరెంటు అని తేడా ఏముంది? అన్నాళ్లు దాన్ని అనరాని మాటలన్నాను. దాని తప్పేమీ లేదు.

సెట్టు తీసుకుని గుట్ట చుట్టూ తిరిగి నొక్కి చూశాను. షెడ్డులో నొక్కితే కూత. షెడ్డు వెనకాల దూరంగా పోయి నొక్కితే లేదు. తీగ వెంట కిందికి దిగి, వాగు గట్టున తునికి చెట్టు దగ్గర నొక్కితే పైన బ్రహ్మాండంగా కూసింది. తీగకు దగ్గరగా ఉన్న సెట్టు మాటే పట్టుకుంటుందన్నమాట. మందు కూడా తెలుసు. నడిమి కాలికీ, నేలకు కలిపిన కాలికీ మధ్య ఒక చిన్న కెపాసిటర్ అతికితే ఆ తరంగం నేలలోకి జారిపోతుంది. జీపు వచ్చిన రోజు మళ్లీ సాబ్‌ను అడిగి కాటారం పోయాను.

భాయ్ ఒప్పుకోలేదు. "ఫౌజీ సాబ్, గది ట్రాన్సిస్టరే ఖరాబ్. ఇంకో నాలుగు ఇస్త, తీస్కపో."

"ట్రాన్సిస్టర్ మంచిగనే ఉంది భాయ్. నాకు కెపాసిటర్ గావాలె."

"మీ ఇష్టం సాబ్" అని, కందిబద్దంత బిళ్లను కాగితంలో చుట్టి ఇచ్చాడు. నేను గుమ్మం దిగేదాకా ట్రాన్సిస్టరే అంటూ ఉన్నాడు.

ఆ సాయంత్రం ఇనుము స్టవ్వు మీద పెట్టి, కెపాసిటర్ కాళ్లు వంచి సిద్ధంగా కూర్చున్నాను. ఆరున్నర అయింది. నా సెట్టు బల్ల మీద ఉంది, నేను దాన్ని ముట్టలేదు.

"వంతెన నుంచి. నీళ్లు మామూలు. అంతా ఓకే. ఓవర్."

ఆ మాట మొదలైనప్పుడు బజర్ మొదలైంది. మాట ఆగినప్పుడు ఆగింది.

కంట్రోల్ "సరే" అంది. బజర్ కూయలేదు. కంట్రోల్ దూరం. వంతెన కూడా దూరమే. పొద్దున అతను రిపోర్టు ఇచ్చినప్పుడు ఎన్నడూ కూయలేదు. సాయంత్రమే కూస్తోంది. ఇనుము ఎర్రబడి ఉంది. కెపాసిటర్‌ను మళ్లీ కాగితంలో చుట్టేశాను. వంతెన మీద ఉండాల్సిన మనిషి రోజూ పొద్దుగూకే వేళకు నా తీగ పక్కన నిలబడి, వంతెన నుంచి అని చెబుతున్నాడు.

రేపు మళ్లీ చూద్దాం అనుకున్నాను. మర్నాడు కూసింది. ఆ మర్నాడు నేనే అడిగాను: "వంతెన, గుట్ట. యాడున్నవ్? ఓవర్."

"వంతెన మీదనే అన్నా. ఓవర్."

ఆ అబద్ధానికి తగినట్టు బజర్ కూసింది.

లేచి తలుపు దాకా పోయాను. గడియ మీద చెయ్యి పెట్టాను. ఫౌజు బుద్ధి అడ్డం వచ్చింది. కళ్లారా చూస్తే రిపోర్టు చెయ్యాలి. రిపోర్టు చేస్తే వాడు ఇంటికి. చూడకపోతే అది ట్రాన్సిస్టర్ దోషం, దాన్ని ఎవరికీ రిపోర్టు చెయ్యక్కర్లేదు. కానీ ట్రాక్టర్ కళ్ల ముందు ఆడుతూనే ఉంది. పొద్దుగూకాక ఆడవాళ్లు అదే వంతెన దాటాలి. వాడు ఏడింటికల్లా తిరిగి అక్కడికి చేరుకుంటాడేమో, ట్రాక్టర్ ఏడు దాటాకనే వస్తుందేమో. ఈ "ఏమో"ల మీద ఎన్నాళ్లు కూర్చుంటాను? రాత్రి తిండి సయించేది కాదు. అయినా పొద్దున లేస్తే సాయంత్రం ఆరున్నర కోసమే ఎదురుచూసేవాణ్ణి. కేక వేస్తే వినబడేంత దూరంలో ఒక మనిషి ఉన్నాడు. నాకు అది చాలా ఇష్టంగా ఉండేది. కెపాసిటర్ కాగితంలోనే ఉండిపోయింది. కూసిన ప్రతిసారీ అలవాటు కొద్దీ బజర్‌ను తిట్టేవాణ్ణి.

ఆ రోజు మా దగ్గర చుక్క వాన లేదు. పైన ఎక్కడో ఆకాశం నల్లగా ఉంది. ఆరున్నరకు అతని గొంతు వచ్చింది. "వంతెన నుంచి. నీళ్లు మామూలు. అంతా ఓకే. ఓవర్." బజర్ కూసింది. అతని మాట ఆగింది. బజర్ ఆగలేదు.

ఒక్క క్షణం సెట్టు మీట ఇరుక్కుందేమో అనుకున్నాను. కిందనుంచి వాగు గొంతు మారింది. తలుపు తీసి, నౌకరీలో ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచాను.

"వంతెనా! నీళ్లొచ్చినయ్! ఉరుకు!"

తునికి చెట్టు దగ్గర నుంచి జవాబు వచ్చింది. సెట్టులోంచి కాదు, గాలిలోంచి. "ఉరుకుతున్న అన్నా!" బూట్ల చప్పుడు కట్ట మీద దూరమైంది.

సెట్టు అందుకున్నాను. "కంట్రోల్, గుట్ట. నీళ్లు ఎర్రగీత దాటినయ్. ఓవర్."

"అర్థమైంది సార్. వంతెన, వంతెన, బాట బంద్ చెయ్యండి. ఓవర్."

ఎగశ్వాసతో జవాబు వచ్చింది. "చేస్తున్న. ఓవర్."

అతను ఇంకా అక్కడికి చేరలేదని తెలిసినవాళ్లం ఇద్దరమే. "బిడ్డా, ట్రాక్టర్ డ్రైవర్‌కు ఫోన్ కొట్టు" అన్నాను. కొట్టింది. "కలుస్తలేదు సార్" అంది. గూడెంలో ఎవరికో కొట్టింది. ఆడవాళ్లు ఇంకా ఇల్లు చేరలేదన్నారు.

బజర్ తీగ పీకేశాను. షెడ్డులో వాగు చప్పుడు తప్ప ఏమీ లేదు. నేనూ దిగి పరుగెత్తాలా? నా మోకాలితో చేరేసరికి అంతా అయిపోతుంది. సెట్టును రెండు చేతుల్లో పట్టుకుని మంచం మీద కూర్చున్నాను. నీళ్లు ముందు పోతాయా, మనిషి ముందు పోతాడా అని లెక్క వేయడానికి చూశాను, మెదడు పనిచేయలేదు. ఆ కాసేపట్లో నేను ఉన్నంత ఒంటరిగా ఎవరూ ఉండకూడదు. బయట చీకటి పడింది.

"గుట్ట, వంతెన." అతని ఊపిరి మాటల కన్నా గట్టిగా వినబడుతోంది. "ట్రాక్టర్ ఆపిన. ముంగటి చక్రాలు నీళ్లల్ల దిగినయ్. ఎనుకకు తీపిస్తున్న. అందరు ఇవతలనే ఉన్నరు."

వెనక నుంచి ఒక అవ్వ కేక సెట్టులో పడింది. "ఎవడ్రా నువ్వు అడ్డం నిలవడ్డవ్? మా ఇంటికి మమ్ముల పోనియ్యవా?" ఇంకెవరో ఆమెను ఆపుతున్నారు. అంత కమ్మని తిట్టు నేను జన్మలో వినలేదు. సెట్టు ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. నవ్వాను కూడా.

మర్నాడు సుబేదార్ సాబ్ నన్ను జీపులో వంతెన దగ్గరికి తీసుకుపోయాడు. నీళ్లు ఇంకా నడుమెత్తున పారుతున్నాయి. ఇవతలి బడిలో రాత్రి పడుకున్న ఆడవాళ్లు అరుగు మీద చాయ్ తాగుతున్నారు. సాబ్ వంతెన వీపు చరిచి, "శబాష్! పోస్టు మీద మనిషుంటె గిట్లుంటది" అన్నాడు. అతను నేల చూశాడు. నేను వాగు చూశాను. సాబ్ డ్రైవర్‌ను తిట్టడానికి పోయాక ఇద్దరమే మిగిలాం.

"నేను ఆడ ఉన్నట్టు నీకెట్ల ఎర్కయింది అన్నా?"

"బజర్ చెప్పింది. నువ్వు సెట్ల మాట్లాడితె అది కూస్తది."

అతని మొహం కందిపోయింది. "అయితె నువ్వు దాన్ని తిట్టింది నా వల్లనేనా?"

"మరి ఎవని వల్ల? ఎందుకొస్తుంటివి?"

"పొద్దుగూకితె వాగు సప్పుడు ఒక్కటే అన్నా. ఇంటి భాష మాట్లాడక నోరెండిపోయింది. ఒకనాడు కట్ట మీద నడుసుకుంట నీ దాకొచ్చిన. నువ్వు టార్చి పట్టుకొని దిగితె చెట్టెనుక నక్కిన. మల్ల పైకి పోయి లోపల గాయి గాయి తిడుతున్నవ్. మా బాపు గూడ ఎడ్లను గట్లనే తిడుతుండె. తండాల ఉన్నట్టే అనిపించింది. ఇని పోతుంటి."

"లోపలికి రాకపోయినవ్?"

"అట్లెట్ల వస్త? డ్యూటీల ఉన్న కదన్నా."

గుమ్మం దాటకపోతే పోస్టు వదలనట్టే అని వాడు. కళ్లతో చూడకపోతే తెలియనట్టే అని నేను. ఫౌజు మా ఇద్దరికీ ఒకే పాఠం చెప్పి పంపింది.

"ఇంక రాను అన్నా" అన్నాడు. అవ్వలు చాయ్ తాగుతున్న అరుగువైపు చూస్తూ అన్నాడు. వద్దని నేనెట్లా అంటాను? రమ్మని ఎట్లా అంటాను?

మాట నిలబెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఆరున్నరకు గొంతు వచ్చేది, బజర్ మూగగా ఉండేది. అది ఇప్పుడు ఏ దోషమూ లేని యంత్రం. నాకు మాత్రం సాయంత్రాలు గడిచేవి కావు. కొన్ని రోజులు, అది ఏ తప్పూ చేయకపోయినా, పలకను ముందు పెట్టుకుని గొంతెత్తి తిట్టాను. వినేవాడు లేడని తెలిసి కూడా తిట్టాను. తర్వాత అదీ మానేశాను.

బతుకమ్మ పండుగ ముందర డ్యూటీ ముగిసింది. పొద్దున్నే జీపు వస్తుందన్నారు. లైన్‌మన్ తీగ వదిలిపెట్టి పోడు. చుట్ట చుట్టుకుంటూ వాగు దాకా దిగాను. తునికి చెట్టు కింద గడ్డి అణిగిపోయి, మళ్లీ అప్పుడప్పుడే లేస్తోంది. నడుమ ఒక చదునైన రాయి. వాగులోంచి మోసుకొచ్చి వేసుకున్నట్టుంది. మోకాలు నొప్పి పుట్టి దాని మీద కూర్చున్నాను.

ఎదురుగా పైన నా షెడ్డు కిటికీ. కిటికీలోంచి ఖాళీ స్టూలు. వెలుతురు పలక మీద పడాలని నేను ఎప్పుడూ కిటికీకి వీపు పెట్టి కూర్చునేవాణ్ణి. అంటే వానలో, దోమల్లో, ఒక మనిషి ఇంత దూరం నడిచొచ్చి రోజూ చూసింది నా వీపునే.

కాటారంలో బస్సెక్కి, భూపాలపల్లి మీదుగా జనగామ వచ్చి, రాత్రికి తరిగొప్పుల చేరాను. మా ఆవిడ అన్నం పెట్టింది. ఊళ్లో అందరూ పలకరించారు. ఇప్పుడు ఇంట్లో కూర్చున్నప్పుడు నా మొహం గుమ్మంవైపు ఉండేలా కుర్చీ తిప్పుకుంటాను. ఎందుకని మా ఆవిడ అడిగితే గాలి కోసం అంటాను. కళ్లు మూస్తే మాత్రం ఆ రాయి మీద నుంచి చూసినట్టు, ఆ కిటికీలో నా వీపే కనబడుతుంది. ఎంత పిలిచినా అది ఇటు తిరగదు.